బారన్ కోరికలకు ఒక పట్టా: కాలనీ గేముల్లో ప్రభువులను దారికి తేవడం ఎలా

డ్వార్ఫ్‌లు, అంటే మరుగుజ్జులు, కట్టుకునే కోటను ఆటగాడు నడిపించే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. ఇందులో కోట జనాభా 50కి చేరితే మేయర్ ఎన్నికవుతాడు. అప్పటిదాకా అక్కడ ఉన్నదంతా పనివాళ్లే: రాయి తవ్వేవాళ్లు, భూమి కింద పుట్టగొడుగులు పండించేవాళ్లు, సారా కాచేవాళ్లు, సామాన్లు మోసేవాళ్లు. మేయర్ కుర్చీ ఎక్కిన కొన్నాళ్లకే ఒక ఆజ్ఞ వస్తుంది. ఫలానా వస్తువులు ఇన్ని, ఇంత గడువులోగా తయారు కావాలి. ఇంకొన్నాళ్లకు మరో ఆజ్ఞ: ఫలానా సరుకు బయటివాళ్లకు అమ్మకూడదు. కోట ఇంకా పెరిగితే బారన్ పదవి పుడుతుంది. ఆ పైన కౌంట్, డ్యూక్, చివరికి రాజో రాణో వచ్చి కూర్చుంటారు. హోదా పెరిగేకొద్దీ పడకగది ఖరీదు పెరగాలి, భోజనాల గది వేరుగా ఉండాలి, చనిపోయాక పెట్టడానికి సమాధి కూడా ముందే సిద్ధం కావాలి.

తార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు చేసిన ఈ ఆట 2006లో మొదటిసారి జనంలోకి వచ్చింది. బొమ్మలూ మెనూలూ చక్కదిద్దిన స్టీమ్ వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది. అక్షరాలతోనే నడిచే క్లాసిక్ వెర్షన్ ఇప్పటికీ ఉచితం. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది కాబట్టి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్ల కుర్రాళ్లకు కూడా చేతికందే ఆట ఇది. ఇన్నేళ్లలో ఆటగాళ్ల మధ్య ఒక అలవాటు స్థిరపడింది. విసిగించే ప్రభువును ఒక గదిలోకి రప్పించి, తలుపు మూసి, మీట లాగి నీళ్లో లావానో వదలడం. దానికి ‘దురదృష్టకర ప్రమాదం’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

సరదాగా చెప్పుకునే ఈ అలవాటు దగ్గర కాస్త ఆగాలి. గోబ్లిన్ దండు వస్తే తలుపులు మూసుకోవచ్చు, ఉచ్చులు పెట్టవచ్చు, సైన్యాన్ని పంపవచ్చు, కోట వదిలి పోవచ్చు. సొంత బారన్ ఒక పిచ్చి ఆజ్ఞ ఇస్తే మాత్రం ఆటగాడి చేతిలో ఏమీ ఉండదు. అడగలేడు, బతిమాలలేడు, బేరమాడలేడు. మాట్లాడే దారి లేని చోట మిగిలేది మీట లాగడమే. అయినా ఈ పాత్రలను సంస్కరించాలనుకునే మోడ్‌లు, అంటే ఆటను మార్చుకోవడానికి ఆటగాళ్లే చేసుకునే చేర్పులు, చాలావరకు కోరికల సంఖ్యను తగ్గించడంతో సరిపెట్టుకుంటాయి, లేదా మొత్తంగా తీసేస్తాయి. ఆ రెండూ అసలు లోపాన్ని ముట్టుకోవు. కోరికల సంఖ్య వల్ల ప్రభువు దుర్మార్గుడు కావడం లేదు. కోరికకు లెక్క లేదు, బేరం లేదు, దాని ఫలితం కోరినవాడి మీద పడదు. ఈ మూడూ సరిచేస్తే, అన్నే కోరికలున్న బారన్ కూడా భరించదగ్గ మనిషి అవుతాడు.

ఇత్తడి ఆజ్ఞ

ఒక ఆజ్ఞను మొదటి నుంచి చివరి దాకా చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఆటలో ప్రతి డ్వార్ఫ్‌కూ కొన్ని ఇష్టాలు ఉంటాయి: ఒక రాయి, ఒక లోహం, ఒక రత్నం, ఒక జంతువు, ఒక రకం వస్తువు. ప్రభువు అయ్యాక ఆజ్ఞలు ఆ ఇష్టాల నుంచే పుడతాయి. బారన్‌కు ఇత్తడి ఇష్టం అనుకుందాం. ‘ఇత్తడి వస్తువులు మూడు చేయండి’ అని ఆజ్ఞ వస్తుంది.

ఇత్తడి కావాలంటే రాగి, జింక్ కావాలి. ఒక రాగి కడ్డీ, ఒక జింక్ కడ్డీ కలిపి కరిగిస్తే రెండు ఇత్తడి కడ్డీలు వస్తాయి. రాగి ఖనిజం ఆటలో తరచుగానే తగులుతుంది. జింక్ కోసం మాత్రం స్ఫాలరైట్ దొరకాలి. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గు కోసం చెట్లు కొట్టాలి లేదా నేలబొగ్గు తవ్వాలి. తర్వాత కమ్మరి పని. తవ్వేవాడు, మోసేవాడు, బొగ్గు కాల్చేవాడు, కరిగించేవాడు, కమ్మరి అంటూ ఇందరి చేతులు మారితే ఒక గిన్నె తయారవుతుంది. ఇది కష్టమే, కానీ ఈ కష్టంలోనే ఆట మజా ఉంది. ఎక్కడా తొందర లేకుండా ఒక్కో పనివాడినీ చూసుకుంటూ ఇలాంటి గొలుసు పూర్తి చేస్తే వచ్చే తృప్తి వేరు.

మరి కోట కట్టిన కొండలో స్ఫాలరైట్ లేకపోతే? ఇత్తడి చేపలకు పేరుపడ్డ గంజాం జిల్లా బెలగుంఠలో ఏ పనివాడినడిగినా జింక్ లేకుండా ఇత్తడి లేదని చెబుతాడు. బారన్‌కు ఆ సంగతి పట్టదు. గోదాములో ఏముంది, నేలలో ఏముంది అన్నది ఆజ్ఞ పుట్టేటప్పుడు ఎవరూ చూడరు. బయటి నుంచి తెప్పించే దారి ఒకటి ఉంది. శరత్కాలంలో స్వదేశం నుంచి సరుకు బండ్లు వస్తాయి. వాటితో పాటు వచ్చే ప్రతినిధితో కూర్చుని, వచ్చే ఏడాదికి ఫలానా కడ్డీలు తెమ్మని చెప్పవచ్చు. స్వదేశంలో దొరికితే తెస్తారు. కానీ తెచ్చేది మళ్లీ శరత్తుకే. బారన్ పెట్టే గడువు అప్పటిదాకా ఆగదు.

గడువు దాటాక న్యాయవ్యవస్థ కదులుతుంది. నేరం కోటలోని ఎవరో ఒక డ్వార్ఫ్ మీద పడుతుంది. శిక్ష జైలు కావచ్చు, దెబ్బలు కావచ్చు. హ్యామరర్ అనే పదవి ఉన్న కోటలో సుత్తి దెబ్బలు కూడా కావచ్చు, వాటితో ప్రాణం పోయిన సందర్భాలు ఆటగాళ్లకు బాగా తెలుసు. జింక్ లేని చోట కోట కట్టింది ఆటగాడు, ఇత్తడి అడిగింది బారన్, దెబ్బలు తిన్నది ఈ రెంటితో సంబంధం లేని పనివాడు. ఆటగాళ్ల కోపానికి మూలం ఇక్కడే ఉంది. కోరిక పెద్దదైనందుకు కాదు, అన్యాయం జరిగినందుకు వాళ్లకు మండుతుంది.

అనుభవమున్న ఆటగాళ్లు దీన్ని తప్పించుకునే దారులు కనిపెట్టారు. బారన్‌గా ఎవరిని చేయాలో ఆట ఆటగాడినే అడుగుతుంది కాబట్టి, ముందుగా అందరి ఇష్టాలూ చదివి, సులువుగా దొరికే రాయినో మామూలు వస్తువునో ఇష్టపడే డ్వార్ఫ్‌కు ఆ పదవి ఇస్తారు. నేరాలకు శిక్షలు అమలు చేసే షెరీఫ్‌ను నియమించకుండా వదిలేసి శిక్షలు పడకుండా చూసుకుంటారు. తెలివైన పనులే. అయినా ఇవి పక్కదారులు. మంచి బారన్‌ను ఏరుకోవడం వేరు, ఏ బారన్ అయినా ఒక పద్ధతికి కట్టుబడేలా చేయడం వేరు.

జమీందారీ నేల చెప్పే సంగతి

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ఇప్పటి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందులో చాలా భాగం జమీందారీలు, సంస్థానాలు. పర్లాకిమిడి, జయపురం వాటిలో పెద్దవి. గది అలంకారం దగ్గర నుంచి వెట్టిచాకిరీ దాకా ప్రభువు కోరిక అంటే ఏమిటో, దాన్ని తీర్చేవాడి బతుకు ఎలా ఉంటుందో తాతల నోట విన్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటులో జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కష్ ఎప్పటికీ మారకుండా ఖాయమైంది. రైతు జమీందారుకు కట్టాల్సింది మాత్రం అలా ఖాయం కాలేదు. పైన గట్టి హద్దు, కింద హద్దే లేదు. దాంతో శిస్తు ఒక్కటే కాదు, మామూళ్లు, నజరానాలు, వెట్టి పనులు కూడా రైతు నెత్తికే చుట్టుకున్నాయి. ఇత్తడి అడిగే బారన్‌ది సరిగ్గా ఇదే ఏర్పాటు. అతని హోదాకు రావాల్సిన గది, భోజనశాల, సమాధి నియమాల్లో స్పష్టంగా రాసి ఉన్నాయి. పనివాడికి రావాల్సిన రక్షణ ఎక్కడా రాసి లేదు.

నూరేళ్ల తర్వాత 1908లో మద్రాస్ ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చింది. జమీందారు జమీందారుగానే ఉన్నాడు. కానీ రైతుకు సాగు చేసే భూమి మీద స్థిరమైన హక్కు వచ్చింది. జమీందారు పట్టా ఇవ్వాలి, బదులుగా రైతు ముచ్చిలిక అనే ఒప్పుకోలు పత్రం రాసివ్వాలి. ఏ భూమికి ఎంత, ఎప్పుడు అన్నది రెండు వైపులా కాగితం మీద ఉంటుంది. శిస్తు పెంచాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపించి దావా వేయాలి. చట్టం వచ్చినంత మాత్రాన దౌర్జన్యం ఆగలేదు. 1940లో సరిహద్దుకు ఇవతల, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని మందస జమీందారీలో అడవి కట్టెల హక్కు కోసం రైతులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో గున్నమ్మ ప్రాణాలిచ్చింది. ఉద్దానం పల్లెల్లో ఆమెను ఇప్పటికీ వీరగున్నమ్మ అనే తలుచుకుంటారు. చివరికి జమీందారీలనే తీసేయాల్సి వచ్చింది. ఒడిశాలో ఎస్టేట్ల రద్దు చట్టం 1951లో వచ్చింది.

చరిత్రకు 1951 అవసరమైంది. ఆటకు 1908 చాలు. ప్రభువులను పూర్తిగా తీసేసే మోడ్ రద్దు చట్టం లాంటిది. నిజ జీవితంలో అదే న్యాయం. ఆటలో మాత్రం ప్రభువు కూడా ఒక పాత్ర, అతను పోతే కథలో ఒక కొస తెగిపోతుంది. కోట నిలదొక్కుకుని, తిండికి లోటు లేక, శత్రువు లోపలికి రాలేని స్థితి వచ్చాక ఆటగాడికి చేయడానికి పని తగ్గిపోతుంది. అప్పుడు ఎదురయ్యే కొత్త చిక్కు ఈ ప్రభువులే. వాళ్లను ఉంచుతూనే, ఇచ్చిపుచ్చుకునే కాగితం ఒకటి ఆటలోకి తేవాలి.

ఇదే ప్రాంతం ఇంకో సంగతి కూడా చెబుతుంది. పర్లాకిమిడి కొండల్లో బిస్సోయిలు అనే చిన్న దొరలు ఉండేవారు. కొండదారులు కాపలా కాయడం వాళ్ల బాధ్యత. దానికి బదులుగా భూములు అనుభవించేవారు, సవరల నుంచి మామూళ్లు తీసుకునేవారు. కాపలా ఉన్నంత కాలం ఆ మామూలుకు ఎంతో కొంత అర్థం ఉంది. సర్కారు పోలీసు ఆ కొండల్లోకి వచ్చాక కాపలా అవసరం సన్నగిల్లింది, మామూలు మాత్రం కొనసాగింది. కోరిక ఎప్పుడు మోయలేనిదిగా తయారవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బాధ్యత జారిపోయి హక్కు ఒక్కటే మిగిలినప్పుడు అది భారమవుతుంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ బారన్‌కు మొదటి నుంచీ కాపలా బాధ్యత లేదు. మామూలు పనుల నుంచి మినహాయింపు ఉంది, శిక్షల నుంచి మినహాయింపు ఉంది. కోటకు అతను తిరిగి ఇచ్చేది వెతికితే గాని కనపడదు.

బేరానికి చోటు

మిగతా ఆటలు ఈ ముడిని ఎలా విప్పాయో చూస్తే దారి కనిపిస్తుంది. ఎగైనెస్ట్ ది స్టార్మ్ ఆట పూర్తి రూపంలో 2023 డిసెంబరులో వచ్చింది. అందులో రాణి ఎక్కడో దూరంగా కోటలో ఉంటుంది. ఆమె ఆజ్ఞలు పంపుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఆమె అసహనం పెరుగుతుంది, అది నిండితే ఊరు పోయినట్టే. ఇంత కఠినమైన రాణి మీద ఆటగాళ్లకు బారన్ మీద ఉన్నంత కసి లేదు. కారణం చిన్నది. ప్రతి ఆజ్ఞకూ రెండు మూడు ప్రత్యామ్నాయాలు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటుంది. తీరిస్తే బహుమానం ఉంటుంది, ఊరి ప్రతిష్ఠ పెరుగుతుంది, ప్రతిష్ఠ పెరిగితే అసహనం తగ్గుతుంది. ఎంచుకున్నది ఆటగాడే కాబట్టి తప్పినా ఆ తప్పు తనదే అనిపిస్తుంది.

2018లో వచ్చిన ఫ్రాస్ట్‌పంక్ ఆటలో ప్రభువులు లేరు, అడిగేది జనం. ఇళ్లు కావాలంటారు, వేడి కావాలంటారు. ఆటగాడు మాట ఇవ్వవచ్చు, కాదనవచ్చు. మాట ఇస్తే గడువు మొదలవుతుంది. నిలబెట్టుకుంటే జనంలో ఆశ పెరుగుతుంది, తప్పితే పడిపోతుంది. 2024లో వచ్చిన రెండో భాగంలో 100 మంది ప్రతినిధుల సభ ఉంది. ఒక చట్టానికి ఓట్లు చాలకపోతే ఏదో ఒక వర్గంతో బేరం కుదుర్చుకోవాలి. మాకు ఓటెయ్యండి, మీకు కావాల్సింది రేపు చేస్తాం అని. అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య ఒక మాట నడుస్తుంది. బారన్ విషయంలో లేనిది ఆ మాటే.

దీన్ని డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లోకి తేవడానికి కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. ఒప్పించడం, బేరమాడడం, పొగడడం, ఎదుటివాడి మనసు పసిగట్టడం వంటి నైపుణ్యాలు డ్వార్ఫ్‌లకు ఇప్పటికే ఉన్నాయి. బ్రోకర్ బండ్లవాళ్లతో వ్యాపారం చేసేటప్పుడు పనికొచ్చేవి కొన్ని వాటిలోనివే. అదే బ్రోకర్‌ను బారన్ గదికి పంపితే చాలు. ఇత్తడి ఆజ్ఞ వచ్చింది. బ్రోకర్ వెళ్లి మూడు మాటల్లో ఒకటి చెబుతాడు. జింక్ శరత్తులో వస్తుంది, అప్పటిదాకా గడువివ్వండి. లేదా ఇత్తడి లేదు, ఇష్టపడే రత్నం పొదిగిన వస్తువు ఇస్తాం. లేదా ఈసారికి కుదరదు. మొదటిదానికి బారన్ ఒప్పుకుంటే ఆ మాట రాసి ఉంచాలి, శరత్తులో కడ్డీలు వచ్చాక ఆజ్ఞ తిరిగి బతకాలి. రెండోదానికి బ్రోకర్ నేర్పు కావాలి. మూడోదానికి బారన్ అలుగుతాడు, మనసు చెడుతుంది, ఆ సంగతి కోటలో నలుగురికీ తెలుస్తుంది. అన్నిసార్లూ కాదనడానికి వీల్లేకుండా ఆ అలక ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి.

బారన్ ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పాచిక మీద వదిలేయడం కంటే అతని స్వభావం మీద వదిలేస్తే బాగుంటుంది. ఆటలో ప్రతి డ్వార్ఫ్‌కూ విలువలు ఉన్నాయి: ఒకడు న్యాయానికి ప్రాణమిస్తాడు, ఒకడు అధికారానికి, ఒకడు సంప్రదాయానికి, ఇంకొకడు వ్యాపారానికి. న్యాయాన్ని గౌరవించే బారన్ ఇసుమంత సంజాయిషీకే మెత్తబడాలి. వ్యాపారం తెలిసినవాడు ‘బండ్లు రానీ’ అంటే అర్థం చేసుకోవాలి. అధికారమే పరమావధి అనుకునేవాడు ఎంతకీ దిగకూడదు. అప్పుడు ప్రతి కోటలోనూ బారన్ వేరే మనిషి అవుతాడు. ఇప్పుడు ఆజ్ఞలు ఇష్టాల నుంచే పుడుతున్నాయి కాబట్టి ఒక బారన్‌కూ ఇంకో బారన్‌కూ మధ్య తేడా అడిగే వస్తువులోనే ఉంది.

రిమ్‌వరల్డ్ అనే మరో కాలనీ ఆట ఈ దారిలో కొంత ముందుకు వెళ్లింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన రాయల్టీ విస్తరణలో సామ్రాజ్యం నుంచి బిరుదులు వస్తాయి: నైట్, బారన్, కౌంట్ ఇలా. బిరుదు వచ్చినవాళ్లకు సింహాసనం గది కావాలి, మంచి పడకగది కావాలి, హోదాకు తగ్గ బట్టలు కావాలి. కానీ పనులు చేయనని మొండికేసే గుణం అందరికీ అంటదు. అత్యాశ, అసూయ, దురుసుతనం లాంటి స్వభావాలున్నవాళ్ల దగ్గరే అది కనిపిస్తుంది. నిరాడంబరంగా ఉండే స్వభావం ఉన్నవాడికి వైభవమైన పడకగది అంటేనే గిట్టదు. బిరుదు ఒకటే, మనిషిని బట్టి బరువు వేరు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ బిరుదు ఊరికే రాదు, ఊరికే ఉండదు. బిరుదుతో పాటు మనోశక్తులు వస్తాయి, ఆపద వేళ సామ్రాజ్యం నుంచి సైనికులను పిలిపించే అనుమతి వస్తుంది, పనివాళ్లనో రవాణా నౌకనో పిలిపించుకునే వీలుంటుంది. దాడి జరిగిన రాత్రి ఆ సైనికులు దిగినప్పుడు సింహాసనం గదికి పోసిన పాలరాయి దండగ అని ఎవరూ అనుకోరు. బిస్సోయి మామూలు వెనక కొండదారి కాపలా ఉన్నట్టు, ఈ కోరిక వెనక ఒక కాపలా ఉంది.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ బారన్‌కు ఏ బాధ్యత ఇవ్వవచ్చు? చాలా ఉన్నాయి. స్వదేశం ప్రతినిధితో మంచి ధర కుదర్చడం, ముట్టడి సమయంలో పక్క కోటల నుంచి మనుషులను తెప్పించడం, పనివాళ్ల తగవులు తీర్చి వాళ్ల మనసులు చల్లబరచడం. ఒక్కటి చాలు. కోట అతని వల్ల ఏదో పొందుతోందని ఆటగాడికి తెరమీద కనపడాలి. 2024లో ముందస్తు రూపంలో వచ్చిన నార్లాండ్ ఆటలో దొరలే ఊరి పాలనంతా చూసుకుంటారు. వాళ్ల పగలూ ప్రేమలూ ఊరికి తలనొప్పి తెచ్చినా, వాళ్లు లేకుండా ఊరు నడవదు.

శిక్ష ఎవరికి

ఇప్పుడున్న నియమాల్లో మార్చాల్సిన మొదటి పంక్తి శిక్షకు సంబంధించింది. ఆట డేటా ఫైళ్లలో ప్రతి పదవికీ ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఎన్ని కోరికలు, ఎన్ని ఆజ్ఞలు, ఎంత విలువైన గది, మామూలు పని నుంచి మినహాయింపు ఉందా, శిక్ష నుంచి మినహాయింపు ఉందా అన్నవన్నీ అందులో పంక్తుల వారీగా రాసి ఉంటాయి. నోట్‌ప్యాడ్ తెలిసిన ఎవరైనా మార్చుకోవచ్చు. శిక్ష మినహాయింపు తీసేస్తే బారన్ చేసిన నేరానికి బారనే శిక్ష పొందుతాడు. అది మంచిదే, కానీ సగమే. ఆజ్ఞ నెరవేరకపోతే నేరం పనివాడి మీద పడడం అక్కడితో ఆగదు.

న్యాయంగా ఉండాలంటే ఆజ్ఞ విఫలమైనప్పుడు ఒక ప్రశ్న అడగాలి: అది సాధ్యమేనా? సరుకు ఉండి, చేతనైన పనివాడు ఉండి, ఆటగాడు పట్టించుకోక పోతే అది నిర్లక్ష్యం. అప్పుడు బారన్ కోపం న్యాయమే, దాని దెబ్బ కోటకు తగలాలి. సరుకే లేకపోతే తప్పు అడిగినవాడిది. అప్పుడు పనివాడికి శిక్ష ఉండకూడదు, బారన్ పరువు తగ్గాలి. పరువు తగ్గితే తర్వాతి బేరంలో బ్రోకర్ మాటకు బలం పెరగాలి. మేయర్ అయితే ఇంకా తేలిక, అతను ఎన్నికైనవాడు. ఒక డ్వార్ఫ్‌ను సుత్తితో కొట్టించిన మేయర్‌ను ఆ డ్వార్ఫ్ చుట్టాలు, స్నేహితులు గుర్తుపెట్టుకుని మళ్లీ ఎన్నుకోకూడదు. ఆటలో జ్ఞాపకాలు ఉన్నాయి, బంధుత్వాలు ఉన్నాయి, పగలు ఉన్నాయి. వాటిని ఎన్నికతో కలిపితే చాలు, పనివాళ్లకు మొదటిసారి ఒక ఆయుధం దొరుకుతుంది. మీట లాగి గది ముంచడం కంటే ఓటేసి దింపడం ఎంతో మంచి కథ.

మితిమీరితే

ఇలా మెత్తబరుస్తూ పోతే ప్రభువులు పసలేని గుమస్తాలుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడూ గోదాము చూసుకుని, ఉన్నదే అడిగే బారన్ ఒక పనుల జాబితాకు ఎక్కువ, మనిషికి తక్కువ. అందుకే సరుకు చూసే నియమం నూరు శాతం ఉండకూడదు. లేనిది కోరే హక్కు ప్రభువుకు ఉండాలి; లేనిదాని కోసం పనివాడిని కొట్టే హక్కు ఉండకూడదు. జింక్ లేని కోటలో ఇత్తడి కోరే బారన్ వల్లే ఆటగాడు ప్రతినిధితో కూర్చుంటాడు, దూరదేశం నుంచి కడ్డీలు తెప్పిస్తాడు, ఆ బండి గోబ్లిన్‌ల చేతికి చిక్కకుండా సైన్యాన్ని ఎదురు పంపుతాడు. కోరిక అసాధ్యంగా కాక కష్టంగా ఉన్నప్పుడు ఇవన్నీ పుడతాయి. గడువును బండ్లు వచ్చే కాలానికి ముడిపెట్టడం అన్నిటికంటే చిన్న మార్పు, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు కూడా అదే.

అమ్మకం నిషేధాల సంగతి వేరు. వాటిని ముట్టుకోనక్కర్లేదు. ఫలానా సరుకు బయటికి పోకూడదన్న ఆజ్ఞను పాటించడం ఎప్పుడూ సాధ్యమే. బండ్లవాళ్లకు ఆ సరుకు ఇవ్వకుండా ఉంటే సరి. ఆటగాడికి ఆదాయం తగ్గుతుంది, అంతే. నిషేధించిన సరుకు అమ్మకం మెనూలో స్పష్టంగా కనిపించేలా గుర్తు పెడితే పొరపాటున ఎవరూ శిక్షల పాలు కారు.

పని ఎక్కడ మొదలెట్టాలి

మోడ్ చేయాలనుకునేవాళ్లకు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో రెండు స్థాయిలు ఉన్నాయి. మొదటిది పైన చెప్పిన పదవుల పట్టిక ఉండే ఎంటిటీ ఫైల్‌లో పంక్తులు మార్చడం. పదవులు ప్రపంచం తయారయ్యేటప్పుడే ఖాయమవుతాయి కాబట్టి మార్చిన తర్వాత కొత్త ప్రపంచం చేసుకుని ఆడడం మంచిది. దీనితో సంఖ్యలూ మినహాయింపులూ మాత్రమే మారతాయి, బేరం రాదు. రెండోది డిఎఫ్‌హ్యాక్, నడుస్తున్న ఆటలో మార్పులు చేయనిచ్చే విడి ప్రోగ్రాము. లువా భాషలో స్క్రిప్టు రాసి, నడుస్తున్న ఆటలో ఉన్న ఆజ్ఞల జాబితాను చదవవచ్చు, గడువు సరిచేయవచ్చు. గోదాములో ఆ లోహం ఉందా, లేకపోతే బండ్లు రావడానికి ఎంత కాలం ఉంది అని చూసి గడువు పొడిగించే స్క్రిప్టు కొద్దిగా ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థి చేయగల పని. బ్రోకర్ నైపుణ్యాన్ని కలపడం దాని తర్వాతి మెట్టు. రిమ్‌వరల్డ్‌లో బిరుదుల వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉంటాయి: గది ఎంత ఉండాలి, ఏ బట్టలు, ఏ పనులు మానాలి అన్నీ అక్కడే. అక్కడ గది షరతులు తగ్గించాలన్న ఆశ కలుగుతుంది. అవి తగ్గిస్తే బిరుదు విలువ కూడా పడిపోతుంది కనుక చివరి దాకా వాటి జోలికి పోకపోవడం మేలు.

వరుస ముఖ్యం. అన్నీ ఒకేసారి మార్చి ఆడితే దేనివల్ల ఏమైందో తెలియదు. ముందు గడువును బండ్లకు ముడిపెట్టి ఒక కోటను రెండో శరత్తు దాటేదాకా నడపాలి. అప్పటికీ పనివాళ్లు నిష్కారణంగా దెబ్బలు తింటుంటే శిక్ష నియమం మార్చాలి. ఆ రెండూ కుదిరాక బేరం తేవాలి. బేరం పనిచేస్తోందని తెలిసేదెప్పుడంటే, కొత్త ఆజ్ఞ తెరమీద పడగానే ఆటగాడి చెయ్యి మీట మీదికి కాకుండా బ్రోకర్ పేరు మీదికి వెళ్లినప్పుడు. అది జరగకపోతే బారన్ దగ్గర ఇంకా బాధ్యత లేదని అర్థం, అతనికి ఒక కాపలా పని అప్పగించి మళ్లీ ఆడి చూడాలి.